అత్తయ్య ఆనుకున్న డబ్బా

మట్టెవాడ, వరంగల్
ఆదివారం

శ్రీవారికి,

మానస నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ మేమంతా క్షేమం. సూరత్‌లో మీరు వేళకు తిని, వేళకు పడుకుని క్షేమంగా ఉన్నారని తలుస్తాను. క్షేమం అన్న మాట రాసి కాసేపు పెన్ను ఆపాను. అయినా కొట్టివేయలేదు. ఉత్తరం చివరిదాకా చదివాక ఆ మాట ఉంచాలో తీసేయాలో మీరే చూడండి.

మీరు చీరల పార్సిల్లో మడిచి పెట్టిన కాగితం అందింది. ఈ కాలంలో పెళ్లానికి ఉత్తరం రాసిన మగవాడు సూరత్ బజారు మొత్తంలో మీరొక్కరే అయి ఉంటారు. అయినా తప్పు మీది కాదు. ఎప్పుడు ఫోన్ చేసినా “అందరం బాగున్నాం” అని నేను పెట్టేస్తుంటే అలగక ఏం చేస్తారు? “నా మీద ఏమైనా కోపమా?” అని అడిగారు. కోపం లేదు. ఆ ఇంట్లో మాట్లాడాలంటే భయమేస్తోంది. అందుకే షాపుకు వచ్చి, షట్టర్ సగం దించి, మామయ్య కూర్చునే గద్దె మీద కూర్చొని రాస్తున్నాను. ఇక్కడ నా మాటను మళ్లీ పలికేవాళ్లు ఎవరూ లేరు. షాపు నుంచే ఫోన్ చేయొచ్చు కదా అంటారు. ఫోన్లో మీరు నన్ను ఒక్క సంగతీ పూర్తిగా చెప్పనివ్వరు, నడుమనే కేకలేస్తారు. కాగితం మీద ఆ బాధ లేదు.

మీరు అడిగినవాటికి జవాబులు. మేడ మీద నీళ్ల ట్యాంకు కారడం ఆగింది. మీ గళ్ల చొక్కా బీరువా వెనక దొరికింది, ఎలుక ఒక చెయ్యి తినేసింది. అమ్మ తింటున్నదా అని అడిగారు. తింటున్నారు, మూలలోనే. భర్త పోయిన ఆడమనిషి కొన్నాళ్లు మూల కూర్చోవడం మన ఇళ్లల్లో ఉన్నదే. వచ్చినవాళ్లు పక్కన కూర్చొని ఏడ్చి, ఓదార్చి పోతారు. ఆ గడువు అయిపోయింది, మీరు సూరత్ వెళ్లిపోయారు, వచ్చేవాళ్లు రావడం మానేశారు. అత్తయ్య మాత్రం మూల వదల్లేదు.

ఇక మీ పెద్ద ప్రశ్న. బాపు బేస్ డబ్బా కొత్త రిసీవర్‌కు కలిసిందా, ఎట్లా కలిపావు అని. దాని గురించి చెప్పడానికే ఇంత పెద్ద కాగితం తీసుకున్నాను.

చెవులు మందగించాక మామయ్య పాటను చేత్తో వినేవారు, మీకు తెలుసు. పొద్దున్నే భజన పెట్టి, లావు చప్పుళ్లు మాత్రమే పలికే ఆ నల్ల స్పీకరు డబ్బా మీద అరచెయ్యి ఆనించి, మద్దెల దెబ్బ తగిలినప్పుడల్లా తల ఊపేవారు. పాత డీవీడీ మెషీన్ కాలిపోయి మీరు కొత్త రిసీవర్, రెండు పొడుగు స్పీకర్లు తెచ్చిన రోజున కూడా, “అన్నీ పారేయుండ్రి గని నా డబ్బాను ముట్టకుండ్రి” అన్నారు. దాన్ని కలపకముందే ఆయన పోయారు. డబ్బా ఉన్న మూలలోనే అత్తయ్యను కూర్చోబెట్టారు. అప్పటి నుంచి ఆమె దానికే వీపు ఆనించి కూర్చుంటున్నారు. ఒక్కోసారి ఇటు తిరిగి, దాని జాలీకి ఛాతీ ఆనించి, అట్లాగే కునుకు తీస్తారు.

మీరు వెళ్లాక ఒకనాడు నన్ను పిలిచి, “ఆయన డబ్బాను మూగదాన్ని చేసి పెట్టిన్రు. జర పలికియ్యవే” అన్నారు.

సరేనని కూర్చున్నాను. డబ్బా వెనక వేలాడే ప్లగ్గు పాత మెషీన్‌కు తప్ప ఇంక దేనికీ పట్టదు. దాన్ని కత్తిరిస్తే లోపల రెండు తీగలు వచ్చాయి, ఒకటి ఎర్రది, ఒకటి నల్లది. కొత్త రిసీవర్ వెనక ‘సబ్’ అని రాసిన గుండ్రటి రంధ్రం ఉంది గానీ ఉత్త తీగలు అందులో ఎలా నిలుస్తాయి? అప్పుడు షాపు మైకు గుర్తొచ్చింది. ఆషాఢం సేల్‌లో మామయ్య గుమ్మంలో నిలబడి “రాండ్రి అమ్మా రాండ్రి” అని పిలిచిన మైకు. అది ఎప్పుడో చెడిపోయినా వైరూ పిన్నూ గట్టిగానే ఉన్నాయి. షాపు ఇంటి కోడలిని కదా, ఇంట్లో వైరు పెట్టుకొని కొత్త వైరు కొంటానా? మైకు కోసేసి, దాని వైరును డబ్బా తీగలకు మెలిపెట్టి టేపు చుట్టాను. పిన్ను రిసీవర్ ముందున్న లావు రంధ్రంలో టక్కున కూర్చుంది. అబ్బ, నా అంత తెలివైనది లేదనుకున్నాను! పాట పెడితే స్పీకర్లు పాడాయి, డబ్బా పలకలేదు. రంధ్రం పక్కనున్న బటన్‌ను చివరిదాకా తిప్పాను. అయినా పలకలేదు. “నీ సదువు గింతేనా?” అని అత్తయ్య నవ్వారు. మామయ్య పోయాక ఆమె నవ్వడం అదే మొదలు. ఆ సంతోషంలో నేను పిన్ను తీయడం మరిచిపోయాను, మెషీన్ ఆపడమూ మరిచిపోయాను.

మధ్యాహ్నం బియ్యం ఏరుతున్నాను. పాట ఎప్పుడో అయిపోయింది. పొడుగు స్పీకర్లలోంచి ఒక చప్పుడు మొదలైంది. దుబ్, దుబ్, దుబ్. తడిబట్టను బండ మీద మెల్లగా కొడుతున్నట్టుంది. వీధిలో పెళ్లి బ్యాండేమో అని కిటికీ తెరిచి చూశాను. ఎండ తప్ప వీధిలో ఏమీ లేదు. “ఎవరది?” అన్నాను. స్పీకర్లలోంచి ఒక మగగొంతు, లావుగా, “ఎవరది” అంది.

చేతిలో చాట జారిపోయింది. అత్తయ్య వైపు చూస్తే, ఆమె మూలలో కదలకుండా కూర్చొని ఉన్నారు. కళ్లనిండా నీళ్లు. ముఖం మాత్రం వెలిగిపోతోంది.

“మీ మామ అచ్చిండే” అన్నారు. స్పీకర్లు కూడా అదే మాట లావుగా అన్నాయి.

అప్పటి నుంచి అత్తయ్య ఆ మెషీన్‌ను ఆపనివ్వలేదు. నేను మీతో ఫోన్లో “బాగున్నాం” అంటే నా వెనక ఇంకెవరో “బాగున్నాం” అనేవారు. ఫోన్ పెట్టేయక ఏం చేయను చెప్పండి? మన వీధిలోని యాకమ్మ పెద్దమ్మ ఆలస్యంగా ఓదార్చడానికి వచ్చి, “అన్నా, ఎట్ల పోతివే” అని రాగం తీసింది. స్పీకర్లు కూడా మగగొంతుతో రాగం తీశాయి. ఆమె చెప్పులు మన వాకిట్లోనే వదిలి పరుగెత్తింది. తర్వాత మనవరాలిని పంపి తెప్పించుకుంది. ఇప్పుడు రాస్తుంటే నవ్వొస్తోంది గానీ, ఆ రోజు నాకు ముద్ద దిగలేదు.

ఇక ఆగలేక గోపాల్‌ను పిలిచాను. మన బజారులో మైకులు, మిక్సీలు బాగుచేసే గోపాలే. వచ్చి పిన్ను చూసి నెత్తి కొట్టుకున్నాడు.

“అక్కా, గీ డబ్బాకు సొంత బలం లేదు. దాన్ని నడిపే బలమంతా పాత మిషన్ల ఉండె. కొత్తదాని సబ్ రంధ్రంల కెల్లి సన్న సిగ్నలే వస్తది. నడుమ ఒక యాంప్లిఫైయర్ పెడితేనే గిది పలుకుతది. స్పీకర్ల జాగల తిన్నగ కలిపితే రిసీవర్ వేడెక్కి కాలిపోతది. నువ్వేమో తీస్కపోయి మైకు రంధ్రంల పెట్టినవ్!”

“పెడితే ఏమైంది గోపాల్?”

“ఏమైంది, డబ్బానే మైకు అయింది. స్పీకరును ఉల్టా కలిపితే చెవి లెక్క పని చేస్తది. గింత పెద్ద చెవి! లావు సప్పుళ్లు మంచిగ పడ్తది. ఆనుకున్నోళ్ల గుండె సుత ఇంటది.”

నా ప్రాణం కుదుటపడింది. అంటే ఆ చప్పుడు అత్తయ్య గుండెదే. మా గొంతులు లావుగా రావడం ఆ డబ్బా గుణం. గోపాల్ పిన్ను తీయబోతే అత్తయ్య అతని చెయ్యి పట్టుకుని, “ముట్టకు” అన్నారు. గట్టిగా కూడా అనలేదు. అయినా గోపాల్ టీ తాగకుండానే వెళ్లిపోయాడు. నేనూ ఊరుకున్నాను. పోయిన మనిషి వచ్చాడని నమ్మి ఆమె నాలుగు ముద్దలు తింటుంటే మనకేం నష్టం అనుకున్నాను.

మెల్లగా ఆ చప్పుడుకు నేను కూడా అలవాటుపడ్డాను. దానికి తగ్గట్టే కూరగాయలు తరిగేదాన్ని. అట్లా తరుగుతుంటేనే తెలిసింది, అది నడుమ నడుమ తప్పుతోందని. దుబ్, దుబ్, ఆ తర్వాత ఏమీ ఉండదు. కత్తి పట్టుకుని ఎదురుచూసేదాన్ని. మళ్లీ దుబ్ అనేది. వైరు లూజయిందనుకున్నాను. ఏమండీ, మీ అమ్మ గుండె ఆగి ఆగి కొట్టుకుంటుంటే నేను వైరుకు కొత్త టేపు చుట్టాను.

గుర్తుపట్టింది అత్తయ్యే. ఒకనాడు దీపం పెట్టే వేళకు నన్ను పిలిచి, “మీ మామకు పానం మంచిగ లేదే. గుండె తప్పుతాంది. ఉప్పలయ్య డాక్టరును పిలువు” అన్నారు.

చనిపోయిన మనిషికి డాక్టరును ఎలా పిలవాలి? అయినా పిలిచాను. మామయ్యకు చివరిదాకా మందులిచ్చిన మనిషి కాబట్టి మారుమాట లేకుండా వచ్చారు. అత్తయ్య పక్కన కూర్చోబోతే, “నన్ను గాదు, ఆయనను సూడుండ్రి” అని ఆమె స్పీకర్లను చూపించారు. ఆయన నా వైపు చూశారు. నేను తల దించుకున్నాను. పెద్దమనిషి, ఆమె మాట తీసేయలేక చెవి పెట్టి విన్నారు. వింటూనే, ఊరికే పట్టుకున్నట్టు అత్తయ్య మణికట్టు పట్టుకున్నారు. చప్పుడు తప్పింది. ఆయన వేళ్లు బిగుసుకున్నాయి. మళ్లీ తప్పింది. నన్ను వాకిట్లోకి రమ్మని సైగ చేశారు.

“అమ్మా, ఆమె గుండె ఆగి ఆగి నడుస్తాంది. ఏదో ఒకనాడు ఆగి మళ్ల నడువది. పొద్దుగాలనే హన్మకొండ దవాఖానకు తీస్కపో. గుండెకు మిషన్ పెట్టాలంటరు, పెట్టియ్యి. లేటు చేయకు” అన్నారు.

లోపలికి వచ్చి ఆ మాటే చెప్పాను. అత్తయ్య నన్ను జాలిగా చూశారు. “ఎట్లొస్తనే పిచ్చిదానా? నేను లేస్తే ఆయన ఆగిపోతడు” అన్నారు.

అదీ నిజమే. ఆమె స్నానానికి లేచినప్పుడల్లా ఆ చప్పుడు ఆగేది. వచ్చి ఆనుకోగానే మొదలయ్యేది. అందుకే స్నానం కూడా తగ్గించేశారు. హసన్‌పర్తి నుంచి భవాని వదినను పిలిపించాను. కూతురు చెబితే వింటారని నా ఆశ.

“అమ్మా, గది బాపు గుండె గాదే. నీదే” అంది వదిన.

“నాదైతే నేను లేచినప్పుడు నాతోటి రావాలె గదా? నా గుండె నాతోటి మంచిగనే నడువబట్టె, ఆయనది ఈడ ఆగబట్టె. గింత తెల్వదా నీకు?”

వదినకు కోపమొచ్చి పిన్ను మీద చెయ్యి వేసింది. “మీ బాపును సంపుతవా?” అని అత్తయ్య అరిచారు. ఆ అరుపు స్పీకర్లలోంచి మగగొంతుతో వచ్చింది. వదిన చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ అరుపు తర్వాత చప్పుడు రాలేదు. అత్తయ్య కళ్లు తేలేసి డబ్బా మీదికే ఒరిగిపోయారు. “అమ్మా, అమ్మా” అని వదిన ఏడుస్తోంది, నేను స్పీకర్ల వైపే చూస్తున్నాను. ఎంతసేపటికో దుబ్ అన్నాయి, ఆమె కళ్లు తెరిచారు. ఇంకోసారి ఇట్లా అయితే ఆమె మనకు దక్కరని మా ఇద్దరికీ అర్థమైంది.

అప్పుడు నాకు ఆ బుద్ధి ఎక్కడి నుంచి పుట్టిందో తెలియదు. “అత్తయ్యా, మీరు దవాఖానకు పోయి రాండ్రి. మీరొచ్చేదాక నేను కూసుంట. మామయ్యను ఆగనియ్య” అన్నాను. ఆమెను మెల్లగా జరిపి, డబ్బాకు నా వీపు ఆనించాను. ముందు ఏమీ వినిపించలేదు. తర్వాత నా గుండె మొదలైంది. భయంతో వడివడిగా కొట్టుకుంటోంది గానీ ఎక్కడా తప్పడం లేదు. నా గుండెను ఎదుటి గోడ దగ్గరి స్పీకర్లలో వినడం ఎట్లా ఉంటుందో మీకు చెప్పలేను. ఎవరో నన్ను తీసుకుపోయి అక్కడ పెట్టినట్టుంది. అత్తయ్య చాలాసేపు విన్నారు. నా ముఖం చూశారు, మళ్లీ విన్నారు.

“తప్పుత లేదు. మంచిగ కొట్టుకుంటాంది. ఇగ పా, పోదాం” అని వదినతో అన్నారు. వెళ్లేముందు, “నేనొచ్చేదాక లేవకు” అని నాతో ఒట్టు వేయించుకున్నారు.

ఇప్పుడు అసలు సంగతి. నిలబడి చదువుతుంటే కూర్చోండి. మీకు చెప్పకుండా అత్తయ్యకు ఆపరేషన్ చేయించాం. గుండెను సరిగ్గా నడిపే చిన్న మిషన్‌ను ఛాతీలో, చర్మం కింద పెట్టారు. నిన్ననే అయింది. బాగున్నారు. ఇవాళ పొద్దున ఇడ్లీ తిని, చట్నీ పలుచగా ఉందని నర్సుతో కొట్లాడారట. “వానికి చెప్పకుండ్రి, పని విడిచిపెట్టి ఉరికొస్తడు” అని నాచేత, వదినచేత మాట తీసుకున్నారు. కొడుకుకు తెలియకుండా తల్లిని కోతకు పంపిన కోడలిని, మీరు ఏమన్నా పడతాను.

ఇంకోటి కూడా చెప్పాలి. వాళ్ల ఆటో వీధి మలుపు తిరగ్గానే నేను ఒట్టు తప్పి లేచాను. లేవగానే చప్పుడు ఆగింది. దవాఖాన నుంచి అత్తయ్య వినిపించమని ఫోన్ చేయించినప్పుడల్లా పరుగెత్తుకొచ్చి ఆనుకుని, ఫోన్ ఉన్న చెయ్యి స్పీకరు వైపు చాపేదాన్ని. విని తృప్తిగా పెట్టేసేవారు.

నిన్న సాయంత్రం ఆపరేషన్ అయ్యాక వదిన ఫోన్ చేసింది. నేను వంటింట్లో ఉన్నాను. పొద్దుటి నుంచి ఏడుస్తూనే ఉన్నానేమో, అత్తయ్య గొంతు వినగానే నాకు లోకం తెలియలేదు. మాట్లాడుతూనే గదిలోకి వచ్చి ఫోన్‌ను స్పీకరుకు ఆనించాను. దుబ్, దుబ్, దుబ్. నిదానంగా, ఎక్కడా తప్పకుండా వస్తోంది. అత్తయ్య చాలాసేపు విన్నారు.

“మానసా, లేచినవా?” అన్నారు.

ఫోన్‌ను చెవి దగ్గరికి తెచ్చుకున్నాను.

“మంచి పని చేసినవ్ బిడ్డా. ఆనాడు కొట్టుకున్నది నీ గుండె అని నాకు తెల్వదనుకున్నవా? పిట్ట గుండె లెక్క కొట్టుకుంటాంది. గంత బుగులు పెట్టుకొని నా కోసం కూసున్నవ్. కాదని ఎట్లంట? అందుకే లేచి అచ్చిన.” నాకు దుఃఖం ఆగలేదు. “ఏడ్వకు” అన్నారు. “గిదైతే నీది గాదు. గిది ఆయనదే.”

ఫోన్ పెట్టేశాక గానీ నాకు తెలివి రాలేదు. నేను స్పీకరు పక్కన నిలబడి ఉన్నాను. డబ్బా మూలన ఉంది. దానికి ఎవరూ ఆనుకుని లేరు. ఇంట్లో నేను తప్ప ఇంకెవరూ లేరు. చప్పుడు వస్తూనే ఉంది.

నా మణికట్టు పట్టుకుని చూసుకున్నాను. నాది పరుగెడుతోంది, అది నిదానంగా నడుస్తోంది. “మామయ్యా” అని పిలిచాను. ఇన్నాళ్లూ నా ప్రతి మాటను తిరిగి పలికిన స్పీకర్లు ఆ మాటను పలకలేదు.

గోపాల్‌కు ఫోన్ చేస్తే, “స్పీకరు సప్పుడు డబ్బా ఇని, డబ్బా ఇన్నది మళ్ల స్పీకరు పలికి, అట్ల తిరుగుతుండొచ్చు అక్కా” అన్నాడు. “గట్లయితే కుయ్యిమని కూత పెట్టాలె గని...” అని ఆపేశాడు. వచ్చి చూడమంటే రేపు, ఎల్లుండి అంటున్నాడు.

నా భయం అదొక్కటే అయితే తలుపు తాళం వేసి వదిన ఇంట్లో పడుకునేదాన్ని. నిన్న డాక్టర్లు వదినకు జాగ్రత్తలు చెప్పారట. అయస్కాంతం దగ్గరికి పోకూడదు, ఛాతీలో మిషన్ నడక చెడుతుంది అని. ఆ డబ్బా లోపల ఉన్నదే పెద్ద అయస్కాంతమని గోపాల్ చెప్పాడు. అత్తయ్య ఇంటికి రాగానే నేరుగా ఆ మూలకే పోతారు, దానికే ఛాతీ ఆనిస్తారు. కొన్నాళ్లు హసన్‌పర్తిలో వదిన దగ్గర ఆపగలం, అంతకుమించి ఆగరు. ఆలోపల డబ్బా ఆ ఇంట్లోంచి పోవాలి. అత్తయ్యకు ఈ సంగతి ఇంకా ఎవరమూ చెప్పలేదు.

ఇవాళ పొద్దున పిన్ను తీద్దామని దాని ముందు కూర్చున్నాను. చెయ్యి అక్కడిదాకా పోయింది. తీస్తే ఆగిపోతుందేమో, ఆ పాపం నాకు ఎందుకు అనిపించింది. తీసినా ఆగకపోతే ఎక్కడికి పోవాలి అని కూడా అనిపించింది. తీయకుండానే తలుపు వేసి ఇక్కడికి వచ్చేశాను. మీరు వెంటనే రైలెక్కి రండి. ఆయనకు కొరివి పెట్టింది మీ చెయ్యే. ఇది కూడా ఆ చేత్తోనే కావాలి. నేను మీ పక్కన నిలబడతాను.

ఇట్లు,
మీ రాక కోసం చూస్తూ,
మీ ఇల్లాలు
మానస